సవరణ: ఫిన్లాండ్ ముస్లింలంతా 1990ల తర్వాత వచ్చినవారు కాదు

"ఫిన్లాండ్‌లో ఇస్లాం 1990ల్లో సోమాలీ శరణార్థులతోనే మొదలైంది" అని మొన్నటి పోస్టులో ఉంది. ఆ వాక్యం తీసేశాం. ఆ దేశం రష్యా జార్ ఏలుబడిలో ఉన్నప్పుడే, 19వ శతాబ్దం చివర్లో, రష్యాలోని నిజ్నీ నోవ్‌గొరోద్ వైపు పల్లెల నుంచి మిషార్ తాతార్లు (తుర్కిక్ భాష మాట్లాడే ముస్లింలు) వచ్చారు. బట్టలు, బొచ్చు తోళ్లు మూటగట్టి ఊరూరా తిరిగి అమ్ముకునేవాళ్లు. 1922లో మతస్వేచ్ఛ చట్టం వచ్చింది, 1925లో సొంత జమాత్ (మత సంఘం) పెట్టుకున్నారు. హెల్సింకి దగ్గరి యార్వెన్‌పా పట్నంలో చెక్క మసీదు కట్టింది 1940ల్లో. ఇప్పటికీ వెయ్యి మంది లోపే. మన దగ్గర ఓ పెద్దింటి పెళ్లికి అంతకన్నా ఎక్కువే వస్తారు! అయినా తాతార్ భాష, మాంసం కూరి నూనెలో వేయించే పెరెమెచ్ వదల్లేదు. ఫుట్‌బాలర్ అతిక్ ఇస్మాయిల్ వీళ్లవాడే. తాతార్ల కన్నా సంఖ్యలో సోమాలీలే చాలా ఎక్కువన్న మాటలో మార్పు లేదు.