సంతకాలు మావి, నిర్ణయం ఎవరిది?

సాధికారత, సమైక్యత, భాగస్వామ్యం. పేరులో ఈ మాటలున్న ప్రభుత్వ పథకం ఏది కనిపించినా ఇప్పుడు నేను మొదట అడిగేది ఒకటే: ఈ డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో తేల్చింది ఎవరు?

ఈ ప్రశ్న నాకు ఒక శిక్షణా కార్యక్రమంలో పుట్టింది. స్థానిక ప్రజలకు సాధికారత అన్నారు, వెళ్లాను. గుమ్మం దగ్గర టేబుల్, దాని మీద హాజరు పట్టీ. ముందు సంతకం, తర్వాత ఒక ఫైలు, పెన్ను. వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ. ట్రైనర్ గంటన్నర మాట్లాడారు. ఏమైనా అడగాలంటే అడగమన్నాక వెనక వరసలోంచి ఒక పెద్దావిడ లేచారు. "మా సందు చివర లైటు లేదు బాబూ. చీకటి పడితే ఆడపిల్లలు నడవడానికి భయపడుతున్నారు. ఈ డబ్బుల్లో ఆ లైటేమైనా వేయించొచ్చా?" అన్నారు. అధికారి మర్యాదగానే జవాబిచ్చారు: "అది ఈ పద్దు కింద రాదమ్మా." ఆమె ఇంకేమీ అనకుండా కూర్చున్నారు. తర్వాత అందరినీ నిలబెట్టి ఫొటో తీశారు.

ఆ అధికారి మీద నాకు కోపం లేదు. ఆయనకిచ్చిన పద్దు శిక్షణకే. ఆర్థిక సంవత్సరం అయిపోయేలోగా ఖర్చు చూపించాలి, లేకపోతే డబ్బు వెనక్కి పోతుంది. ఎన్ని సమావేశాలు పెట్టారు, ఎంతమంది వచ్చారు అన్నవే పైవాళ్లు అడిగే లెక్కలు. ఆ సందులో లైటు వెలిగిందా అని అడిగే గడి ఆ ఫారంలో లేనే లేదు. నా కోపమంతా ఆ ఫారం తయారు చేసినవాళ్ల మీద.

అలాగని ఇదంతా దండగ ఖర్చు, ఆపేయండి అనేవాళ్లతో నేను కలవను. జనం చేతికి నిజంగా డబ్బు ఇచ్చిన చోట్లున్నాయి. బ్రెజిల్‌లో పోర్టో అలెగ్రె నగరం 1989లో పేటపేటకూ సభలు పెట్టి, నగర పెట్టుబడుల్లో ఏది ముందు కావాలో అక్కడివాళ్లనే తేల్చమంది. వాళ్లు అడిగినవి మంచినీళ్లు, మురుగు కాలవలు, రోడ్లు. కేరళ 1996లో రాష్ట్ర ప్రణాళికా నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు వదిలేయాలని నిర్ణయించింది. రెండుచోట్లా సభకు వచ్చినవాళ్ల ముందు పంచుకోవడానికి నిజమైన సొమ్ముంది. అది లేకుండా పెట్టే సభకు పనులు మానుకుని ఎవరైనా ఎందుకు రావాలి?

ఇక్కడ నేను మార్చుకున్న అభిప్రాయం ఒకటుంది. జనాన్ని పిలిచి కూర్చోబెడితే చాలు, పథకాల డబ్బు తినేవాళ్లు భయపడతారని చాలాకాలం నమ్మాను. ఇండోనేషియాలో 600కు పైగా ఊళ్లలో రోడ్డు పనులను పరిశీలించి బెంజమిన్ ఓల్కెన్ అనే ఆర్థికవేత్త 2007లో ప్రచురించిన అధ్యయనం చదివాక ఆ నమ్మకం సడలింది. వేసిన రోడ్లను తవ్వించి మరీ, కాగితం మీద రాసిన ఖర్చుకీ నిజంగా పడిన సరుకుకీ తేడా ఎంతో చూశారు. తప్పకుండా ప్రభుత్వ ఆడిట్ ఉంటుందని ముందే చెప్పిన ఊళ్లలో మాయమయ్యే సొమ్ము దాదాపు 8 శాతం పాయింట్లు తగ్గింది. ఊరి సమావేశాలకు ఎక్కువమందిని పిలిచిన చోట జనమైతే వచ్చారు, కూలి డబ్బుల్లో మోసం కూడా తగ్గింది. సరుకుల బిల్లుల్లో మాత్రం తగ్గలేదు. నాకనిపించేది, తన కూలి ఎంతో కూలీకి తెలుసు, ఎన్ని లారీల కంకర పడిందో అతనికి ఎవరూ చెప్పరు. అందుకే సభా కావాలి, ఆడిట్టూ కావాలి. ఒకటి పెట్టి రెండోది ఎగ్గొడితే నేను ఒప్పుకోను.

ఇంకో జబ్బు, తొందర. ఏడాది ప్రాజెక్టు పెట్టి, మనుషులు ఒకరికొకరు అలవాటు పడేలోపే మూసేస్తారు. బ్రిటన్ 1998లో మొదలుపెట్టిన న్యూ డీల్ ఫర్ కమ్యూనిటీస్ అనే పథకంలో 39 వెనకబడిన ప్రాంతాలకు ఒక్కోదానికి సుమారు 5 కోట్ల పౌండ్లు, పదేళ్ల గడువు ఇచ్చారు. పథకాన్ని నడిపే బోర్డుల్లో అక్కడి నివాసులూ కూర్చున్నారు. అద్భుతాలు జరగలేదు. కానీ తమ ప్రాంతం మీద వాళ్లకున్న అభిప్రాయం మెరుగుపడింది. వలస వచ్చినవాళ్లను కలుపుకోవడమూ అంతే, తొందరపడితే కుదరదు. అలాంటివాళ్ల కోసం జర్మనీ నడిపే మామూలు ఇంటిగ్రేషన్ కోర్సులో 600 పీరియడ్లు భాషకే పోతాయి. మాట రానివాళ్లు పక్కింటివాళ్లతో ఏం కలుస్తారు? ఒక పూట సాంస్కృతిక ప్రదర్శన పెట్టి, చప్పట్లు కొట్టి పంపేస్తే కలిసిపోతారా?

మొన్న మళ్లీ పిలుపొచ్చింది, రెండో విడత శిక్షణట. వెళ్తాను. ఈసారి సంతకం పెట్టేముందు ఏ పద్దుకి ఎంత కేటాయించారో ఆ కాగితం చూపించమని అడుగుతాను. ఆ పెద్దావిడకు కూడా ఫోన్ చేశాను. లైటు ఇంకా పడలేదట. వస్తానన్నారు.