డెర్మటోస్కోపు గారికి ఫిర్యాదు

అయ్యా, చర్మ డాక్టర్ల చేతి భూతద్దమైన డెర్మటోస్కోపు గారూ,

తమరి వైఖరి ఏమీ బాగా లేదు. పుట్టుమచ్చకు మా దగ్గర ఎంత పరపతి ఉందో తమకు తెలియదు. పదో తరగతి సర్టిఫికెట్లో మా ఆనవాలు అదే. పెదవి మీద ఉంటే ఒక ఫలం, అరికాల్లో ఉంటే విదేశీ యోగం. అంతటి దాని మీద దీపం వేసి, పది రెట్లు పెద్దది చేసి, నీ సంగతేమిటని నిలదీస్తారా?

అరికాలినే తీసుకోండి. అక్కడి చర్మం నిండా సన్నని గట్లూ వాటి మధ్య చాళ్లూ ఉంటాయి. మామూలు మచ్చ అయితే రంగు ఎక్కువగా చాళ్లలోనే సర్దుకుంటుంది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అయితే రంగు గట్లెక్కి కూర్చుంటుంది. గట్టు తగాదా తేల్చడానికి సర్వేయరు లేడా, తమరెందుకు? మా ఒంటిరంగు వాళ్లకు ఆ జబ్బు అరుదే గాని, వస్తే అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కిందే ఎక్కువని ఎవరో తమరి చెవిన వేసినట్టున్నారు.

తమరి పెద్దన్న కన్ఫోకల్ మైక్రోస్కోపు మరీ ఘరానా. కత్తి పెట్టకుండా లేజరుతో ఒక్కొక్క కణాన్నీ చూపిస్తారు. మిల్లీమీటరులో నాలుగో వంతు లోతు దాటితే మాత్రం ఆయనకు చూపు ఆనదు. అప్పుడు అల్ట్రాసౌండు గారిని పిలవాలి. ఆయనకు లోతు తెలుస్తుంది, కణాలు కనపడవు. ఇంతమంది కూడబలుక్కుని, అనుమానం గట్టిదైతే చివరికి చెప్పేది ఒకటే: ముక్క తీసి బయాప్సీకి పంపండి!

ఇక తమరి చిత్రాలతో చదువుకున్న కంప్యూటర్ ప్రోగ్రాములు. వాటికి చూపించినవి చాలావరకు తెల్లతోలు ఫొటోలే. చామనచాయ ఎదురైతే తడబడతాయి. పెళ్లిసంబంధాల వాళ్ల తర్వాత రంగు దగ్గర ఇంత పట్టింపు వీటిలోనే చూశాను.

తమరికి శాస్తి కూడా జరుగుతోంది లెండి. చాలా చోట్ల తమరి కాపురం సొరుగులోనే. బల్లకు అవతలి నుంచే చూసి ఆయింట్‌మెంటు రాసే చేతికి తమరితో పనేముంది? ఒకవేళ బయటికి తీసినా, వాడకం నేర్చుకోని చేతిలో తమరు ఉత్త టార్చిలైటు. నేర్చిన చేతిలో పడితే ఇవాళ్టి ఫొటో దాచి, మూడు నెలలకు మళ్లీ రమ్మని, రెండూ పక్కపక్కన పెట్టి మచ్చ మారిందో లేదో పోల్చి చూస్తారు. అందుకు నేను రెడీ. ఒక్కటే షరతు: ముఖం మీది మచ్చ చూసి పంపేయకుండా, సాక్సు కూడా విప్పమనాలి.

ఇట్లు,
ఒక చామనచాయ ఆసామి