జర్నళ్లు ఢిల్లీ కొంటోంది, తాళపత్రాల సంగతేంటి?

విశ్వవిద్యాలయ గ్రంథాలయాలకు ఏళ్లుగా ఉన్న పెద్ద తలనొప్పి ఒకటి దాదాపు తీరిపోయింది. 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకానికి కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో ఆమోదం తెలిపింది. మూడేళ్లకు రూ.6 వేల కోట్లు కేటాయించింది. 30 ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13 వేల జర్నళ్లు (పరిశోధన పత్రికలు) 6,300 ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుతాయి. వీటిలో రాష్ట్ర విశ్వవిద్యాలయాలు కూడా ఉన్నాయి. విదేశీ జర్నళ్ల చందా కట్టలేక ఒక్కొక్కటే ఆపేసుకుంటూ వచ్చిన లైబ్రరీలకు ఇది మంచి వార్తే.

మరి ఒకే జర్నళ్లు అన్ని క్యాంపస్‌లకూ వచ్చాక, ఏ లైబ్రరీకి ఆ లైబ్రరీ చేయాల్సిన పని ఏం మిగిలింది?

విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయాన్నే చూద్దాం. 1926లో బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరుకు చేరింది. 1942 ఏప్రిల్‌లో విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాక కొన్నాళ్లు గుంటూరుకు తరలిపోయి, మళ్లీ వెనక్కి వచ్చింది. ఇన్ని మకాములు మారిన సంస్థ గ్రంథాలయంలో ఇవాళ లక్షల పుస్తకాలు, వాటితో పాటు తాళపత్ర గ్రంథాలు ఉన్నాయంటే, ఎవరో పనిగట్టుకుని కాపాడబట్టే. 1949 నుంచి పన్నెండేళ్ల పాటు వైస్ ఛాన్స్‌లర్‌గా పనిచేసిన డాక్టర్ వాసిరెడ్డి శ్రీకృష్ణ పేరు ఈ గ్రంథాలయానికి పెట్టారు. ఇంకో సంగతి, లైబ్రరీ నడపడం కూడా చదువుకోవాల్సిన విద్యేనని ఈ విశ్వవిద్యాలయం 1935లోనే గుర్తించి, అందులో కోర్సు మొదలుపెట్టింది. భారత గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన ఎస్.ఆర్. రంగనాథన్ రాసిన గ్రంథాలయ సూత్రాలు పుస్తకంగా వచ్చిన నాలుగేళ్లకే!

అలాంటి వారసత్వం ఉన్న తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు క్యాంపస్ లైబ్రరీ అంటే జనానికి గుర్తొచ్చేది రీడింగ్ రూమ్. పొద్దున్నే సీటు పట్టుకోవాలి, ప్లగ్ పాయింట్ దగ్గర చోటు దొరికితే అదృష్టం. గ్రూప్స్, డీఎస్సీ, బ్యాంకు పరీక్షల అభ్యర్థులు సొంత పుస్తకాలు, టిఫిన్ బాక్సు తెచ్చుకుని రాత్రిదాకా కూర్చుంటారు. దీన్ని చూసి పెదవి విరిచే ప్రొఫెసర్లు ఉన్నారు. నేను వారితో ఏకీభవించను. హాస్టల్ గదిలో నలుగురి మధ్య చదవలేని పిల్లవాడికి ఒక ఫ్యాను, ఒక బల్ల, నిశ్శబ్దం ఇవ్వడం కూడా సేవే. కాకపోతే, రీడింగ్ రూమ్ కిటకిటలాడుతోందని చూపించి లైబ్రరీ బ్రహ్మాండంగా నడుస్తోందని చెప్పుకోవడం తప్పు. పక్కనే పుస్తకాలు దాచి ఉంచే స్టాక్ గదిలోకి రోజుకు ఎందరు వెళ్తున్నారో కూడా చెప్పాలి కదా.

అక్కడున్నది ఢిల్లీ కొనిచ్చేది కాదు. ఆగిపోయిన తెలుగు పత్రికల పాత సంపుటాలు, జిల్లా చరిత్రలు, దాతలు ఇచ్చిన సొంత సేకరణలు, టైపు మిషన్ మీద కొట్టిన థీసిస్‌లు. విశ్వవిద్యాలయ లైబ్రరీలను కలిపే కేంద్ర సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఆన్‌లైన్ థీసిస్‌ల భాండారం శోధ్‌గంగలో ఇటీవలి థీసిస్‌లు బాగానే దొరుకుతాయి. పాతవాటిలో చాలా మటుకు ఇంకా బీరువాల్లోనే ఉన్నాయి. ఉత్తరాంధ్ర మాండలికాల మీదో, చేనేత మీదో యాభై ఏళ్ల కిందట జరిగిన పరిశోధన దొరక్క, అదే అంశం మీద ఇంకొకరు మళ్లీ మొదటి నుంచీ మొదలుపెడుతున్నారు.

కేటలాగు (పుస్తకాల జాబితా) కంప్యూటర్‌లో ఉన్నంత మాత్రాన తెలుగు పుస్తకం దొరుకుతుందన్న నమ్మకమూ లేదు. చాలాచోట్ల తెలుగు పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లో ఎక్కించారు. కృష్ణమూర్తి చివర ఒకరు 'టీ' కొడితే మరొకరు 'టీహెచ్' కొట్టారు. వెతికేవాడు రెండోది కొడితే 'ఫలితాలు లేవు' అని వస్తుంది, పుస్తకం మాత్రం పది అడుగుల దూరంలో ఉంటుంది. తెలుగు లిపిలో మళ్లీ ఎక్కించడానికి కొత్త సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు. చాలా లైబ్రరీలు వాడుతున్న ఉచిత సాఫ్ట్‌వేర్ కోహా, తెలుగు వంటి లిపులను కంప్యూటర్‌లో రాసే యూనికోడ్ పద్ధతిని ఎప్పటినుంచో అంగీకరిస్తోంది. కావాల్సిందల్లా తెలుగు బాగా వచ్చి, కేటలాగింగ్ తెలిసిన మనుషులు. సరిగ్గా అక్కడే మన విశ్వవిద్యాలయాలు చేతులెత్తేస్తున్నాయి. లైబ్రేరియన్ రిటైరైతే ఏదో ఒక శాఖ ప్రొఫెసర్‌కు ఇన్‌ఛార్జి బాధ్యత అప్పగిస్తారు, కింద పనంతా కాంట్రాక్టు సిబ్బంది మీద నెట్టేస్తారు.

స్కానింగ్ మొదలుపెడదామంటే వెంటనే వచ్చే అభ్యంతరం కాపీరైట్. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన 60 ఏళ్ల తర్వాత హక్కు ముగుస్తుంది. కాబట్టి 1950లలోనే కన్నుమూసిన రచయితల పుస్తకాలకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, తాళపత్రాలకైతే ఆ ప్రశ్నే లేదు. థీసిస్‌ల విషయంలో రాసినవారికో, వారి కుటుంబానికో ఒక ఉత్తరం రాసి అడగొచ్చు. కేంద్రం జర్నళ్ల భారం ఎత్తుకున్నాక లైబ్రరీ పద్దులో మిగిలేది ఎంతైనా సరే, దాన్ని కుర్చీలకో కొత్త టైల్స్‌కో కాకుండా ఈ పనికి, ఇది చేసే ఇద్దరు ముగ్గురి జీతాలకు రాసిపెట్టమని పాలకమండళ్లను అడగాల్సిన సమయం ఇదే.