స్నేర్ డ్రమ్‌ది ఏ రంగు?

పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేర్‌లో స్నేర్ డ్రమ్ ట్రాక్‌కి, అంటే తెరమీద ఆ డ్రమ్ము శబ్దం ఉండే వరసకి, ఎరుపు వేయాలా, ఆరెంజ్ వేయాలా అని ఒక మనిషి 40 నిమిషాలు తర్జనభర్జన పడటం నేను కళ్లారా చూశాను. ఆ పాటలో స్నేర్ డ్రమ్ లేదు. ఉన్నవి రెండే. ఒక అమ్మాయి గొంతు, ఒక గిటార్.

ఆ మనిషి నా మిత్రుడే. రికార్డయిన గొంతుల్నీ వాయిద్యాల్నీ కలిపి పాటగా కుదిర్చే మిక్సింగ్ ఇంజనీర్‌నని చెప్పుకుంటాడు కాబట్టి మనమూ అలాగే అనుకుందాం. పాట మొదలుపెట్టే ముందు "సెషన్ రెడీ చేసుకోవాలి, రెండు నిమిషాలు" అన్నాడు. నేను నమ్మి కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

ముందుగా టెంప్లేట్ తెరిచాడు, అంటే ఏ పాటకైనా వాడుకోవడానికి ముందే సిద్ధం చేసి పెట్టుకున్న ఖాళీ అమరిక. అందులో 96 ట్రాకులు. డ్రమ్స్‌కే 22. కోరస్‌లో ఆడవాళ్లకు 8, మగవాళ్లకు 8, 'ఇతర' అని ఇంకో 4. ఆ ఇతర ఎవరో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న పెద్దమనిషి ఈ టెంప్లేట్ చూసి ఉంటే, ఆ సోమలింగానికి ఒక రంగు, ఒక ఐకాన్ కూడా కేటాయించి ఉండేవాడు.

ఆ తర్వాత కంట్రోలర్ తీశాడు, సాఫ్ట్‌వేర్‌ని చేత్తో నడిపే పెట్టె. తిప్పే నాబ్‌లు ఎనిమిది, పైకీ కిందికీ జరిపే ఫేడర్లు ఎనిమిది. ఇక్కడ మీకు కాస్త చరిత్ర చెప్పాలి. మిడి అనే భాష 1983 నుంచి ఉంది. ఆ భాషలో మామూలు నాబ్ ఒకటి పలకగలిగేవి సున్నా నుంచి 127 దాకా, అంటే 128 అంకెలు. ఆ కాసిని అంకెలతోనే వాయిద్యాలు, కంప్యూటర్లు ఇన్నేళ్లుగా ఏ గొడవా లేకుండా మాట్లాడుకుంటున్నాయి. ఒక నాబ్‌కి ఒక పని అప్పజెప్పడం కూడా కష్టమేం కాదు. 'మిడి లర్న్' నొక్కాలి, స్క్రీన్ మీద కావలసినదాన్ని తాకాలి, నాబ్ తిప్పాలి. తుమ్మినంతసేపు పట్టదు.

మావాడికి అక్కడ తాత్విక సమస్య వచ్చింది. రివర్బ్‌ని, అంటే గొంతు పెద్ద హాల్లో మోగినట్టు చేసేదాన్ని, ఎడమ చేతికి ఇవ్వాలా, కుడి చేతికా?

"రివర్బ్ అంటే ఫీలింగ్ కదరా. గుండె ఎడమవైపే కదా ఉండేది" అన్నాడు.

నవ్వుతున్నాడేమోనని మొహం చూశాను. లేదు. రివర్బ్‌ని ఎడమ చివరి నాబ్‌కి కట్టాడు. గొంతు మీద రివర్బ్ సాఫ్ట్‌వేర్‌లో 12 శాతం దగ్గర ఉంది, చేతి కింద నాబ్ మాత్రం పూర్తిగా తిప్పేసి ఉంది. వేలు తగలగానే 12 కాస్తా ఒక్క ఉదుటున నూరైంది. టెస్టింగ్‌కని పాడించిన ఆ అమ్మాయి గొంతు వెళ్లి బావిలో పడింది. దీనికి మందు సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. పికప్ మోడ్ అని ఒక టిక్కు పెడితే, నాబ్ తిరుగుతూ వచ్చి అసలు విలువను అందుకునేదాకా ఏదీ కదలదు. మావాడు టిక్కు పెట్టలేదు. రివర్బ్‌ని కుడి చివరి నాబ్‌కి మార్చాడు. అదీ పూర్తిగా తిప్పే ఉంది. మళ్లీ బావి. "ఈ కంట్రోలర్‌కి నా వర్క్‌ఫ్లో అర్థం కావట్లేదు" అని నిట్టూర్చాడు. దానికి అర్థమైందనే నా అనుమానం.

లేఅవుట్లు వద్దని నేననను. వారం వారం అవే రెండు గొంతులతో అదే కార్యక్రమం చేసేవాడికి టెంప్లేట్ లేకపోతే నరకం. పూర్వం కన్సోల్ ఫేడర్ల కింద తెల్ల టేపు అంటించి 'వోకల్', 'బేస్' అని పెన్నుతో రాసుకునేవారు. లేఅవుట్ అంటే అంతే. బీటిల్స్ 1960ల మధ్యలో పాటలు రికార్డు చేసింది నాలుగు ట్రాకుల టేపు మీద. మనవాడి 'ఇతర' కోరస్‌కే నాలుగున్నాయి.

ఇంతసేపూ ఆ అమ్మాయి బూత్‌లో నిలబడే ఉంది. ఇంటి దగ్గర గొంతు సవరించుకుని వచ్చిందట. రెండు గంటలు గడిచాయి. నీళ్ల సీసా ఖాళీ అయింది. అప్పుడు పాడించాడు. జోలపాటలాంటి పాట, పక్కన పడుకున్నవాళ్లకు నిద్రాభంగం కాకుండా పాడినట్టు పాడాలి. అలాగే పాడింది. మావాడు డబ్బు పెట్టి కొన్న ప్రీసెట్ మీద, అంటే ఎవరో ముందే అంకెలు పెట్టి అమ్మిన సెట్టింగుల కట్ట మీద, తన పనితనం చూపించి, 'గోల్డెన్ వోకల్ ఫైనల్ 7' అని పేరు పెట్టుకున్నాడు. దాన్ని తెచ్చి ఆ గొంతు మీద పడేశాడు.

అందులో కంప్రెసర్ ఒకటి, గొంతు ఒక హద్దు దాటితే అణిచేది. ఆ హద్దు, అంటే థ్రెషోల్డ్, మైనస్ 18 డెసిబెల్స్ దగ్గర ఉంది. ఆ అమ్మాయి గొంతు ఎంత పైకొచ్చినా మైనస్ 24 దాటట్లేదు. అంటే కంప్రెసర్ గుమ్మం దాకా కూడా రాలేదు. కంప్రెసర్ ఎంత అణిచిందో చూపే గెయిన్ రిడక్షన్ ముల్లు పాట మొత్తంలో ఒక్కసారైనా కదుల్తుందేమోనని దాన్నే చూస్తూ కూర్చున్నాను. కదల్లేదు. గొంతులో సన్నని, లావు శబ్దాల్ని విడివిడిగా పెంచి తగ్గించే ఈక్యూ మాత్రం 10 కిలోహెర్ట్జ్ దగ్గర 6 డెసిబెల్స్ లేపింది. ప్రతి 'స' బుస్సుమంది.

మావాడు హెడ్‌ఫోన్స్ సర్దుకుని, బూత్‌లోకి మాట వినిపించే టాక్‌బ్యాక్ నొక్కి, "మీ వాయిస్‌లో వెయిట్ లేదండీ" అన్నాడు.

వెయిట్ లేనిది ఆమె గొంతులోనా! థ్రెషోల్డ్ పది డెసిబెల్స్ కిందికి లాగడం చేతకాని వేలు నీది. లేదంటే ఆ గొంతుకే కాస్త గెయిన్, అంటే స్థాయి, పెంచి పంపించొచ్చు, అదీ తోచలేదు. ఎవరో ముక్కూమొహం తెలియనివాడు, ఇంకెవరి గొంతుకో, ఏ మైకు ముందో, ఎంత దూరంలోనో పెట్టుకున్న అంకె అది. ఇక్కడెవరు పాడుతున్నారో దానికేం తెలుసు? 'ఒక్క క్లిక్‌తో స్టార్ వాయిస్' అని అమ్ముకునేవాళ్లకు ఇది తెలియదా? బాగా తెలుసు. అందుకే ఆన్ చేయగానే శబ్దం రెండు మూడు డెసిబెల్స్ పెరిగేట్టు చూసుకుంటారు. చెవికి పెద్దగా వినిపించిందల్లా బాగున్నట్టే అనిపిస్తుంది. అవుట్‌పుట్ తగ్గించి రెండూ సమానం చేసి ఆన్, ఆఫ్ నొక్కి చూడండి, సగం స్టార్లు అక్కడే రాలిపోతారు. ఆ పని చేసేవాడు ఎవడు? కొన్నవాడు పనిచేయలేదని ప్రీసెట్‌ని తిట్టడు, తన గొంతును తిట్టుకుంటాడు. ఆ అమ్మాయి చేసింది కూడా అదే. "సారీ అండీ, ఇంకాస్త గట్టిగా పాడనా?" అంది. జోలపాటని అరిచి పాడింది. అప్పుడు ముల్లు కదిలింది. "ఇదీ!" అని మావాడు చిటికె వేశాడు.

నేను లేచి బయటికి వచ్చేశాను.

మొన్న అర్ధరాత్రి ఫోన్ చేశాడు. కంప్యూటర్ మార్చాడట. కంప్రెసర్, రివర్బ్ లాంటి ప్లగిన్లన్నీ వీఎస్‌టీ2 అనే పాత రకం నుంచి వీఎస్‌టీ3 అనే కొత్త రకానికి మారాయట. 'ఫైనల్ 7' సహా సగం ప్రీసెట్లు కనబడటం లేదట. రంగులు పోయాయట, 96 ట్రాకులూ బూడిద రంగులోకి వచ్చాయట. గొంతు వణుకుతోంది పాపం. "నీకో పెన్‌డ్రైవ్ ఇచ్చాను చూడు, బ్యాకప్ అని. తేలిగ్గా కనబడాలని ఆరెంజ్ స్టిక్కర్ కూడా అంటించాను. పాత కంప్యూటర్‌లో వేసి మళ్లీ మొదలుపెట్టుకుంటాను. అది ఉందా?"

టేబుల్ సొరుగు తెరిచి చూశాను. పైనే ఉంది.

వెతుకుతానని చెప్పాను. పది రోజులైంది. ఇంకా వెతుకుతున్నాను.