బెయిలౌట్ సబబే, షరతులే ఏకపక్షం

అమెరికా కార్ల కంపెనీలు జనరల్ మోటార్స్ (జీఎం), క్రైస్లర్ దివాలా కోర్టు మెట్లెక్కి పదిహేనేళ్లు దాటింది. ప్రజల సొమ్ముతో వాటిని నిలబెట్టడం, అంటే బెయిలౌట్, ఒప్పా తప్పా అన్న వాదన మాత్రం అమెరికాలో ఇంకా తెగలేదు. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ ప్రభుత్వం దిగుమతి కార్ల మీద 25 శాతం సుంకం వేసి ఆ పరిశ్రమకు మరోసారి కొమ్ము కాసింది కాబట్టి పాత లెక్కను మళ్లీ విప్పి చూడక తప్పదు. మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాం. 2008-09లో ఆ కంపెనీలను కాపాడటం సరైన నిర్ణయం. అయితే అందుకోసం పెట్టిన షరతులు కార్మికులు, చిన్న డీలర్లు, పింఛనుదారుల మీద పడ్డంత బరువుగా కంపెనీ పైమెట్టు మీద పడలేదు. ఆ తప్పు దిద్దకుండా అదే పరిశ్రమకు కొత్త మేళ్లు చేయడాన్ని మేం సమర్థించలేం.

ఆ కంపెనీలు ఎందుకు మునిగాయి? 2008 సెప్టెంబరులో లేమన్ బ్రదర్స్ బ్యాంకు కుప్పకూలడం, ఆ దెబ్బకు ఎక్కడా అప్పు పుట్టకపోవడం, కార్ల అమ్మకాలు పడిపోవడం తక్షణ కారణాలు. 2007లో అమెరికాలో 1.6 కోట్లకు పైగా వాహనాలు అమ్ముడైతే, 2009 నాటికి ఆ సంఖ్య కోటీ నాలుగు లక్షలకు దిగింది. కానీ అదే మాంద్యంలో టయోటా, హోండా దివాలా తీయలేదు. అమెరికా కార్ల కంపెనీలకు నెలవైన డెట్రాయిట్ జబ్బు అప్పటికే పాతబడింది. అందులో సగం ప్రభుత్వం చేసిన మేలు వల్ల ముదిరిందేనని మేం భావిస్తున్నాం.

1960ల మొదట్లో ఐరోపా దేశాలు అమెరికా కోడి మాంసం మీద సుంకాలు పెంచాయి. దానికి ప్రతిగా అమెరికా 1964 నుంచి బ్రాందీ వంటి కొన్ని సరుకులతో పాటు తేలికపాటి ట్రక్కుల మీద కూడా 25 శాతం సుంకం వేసింది. మిగతా సరుకుల మీద ఎత్తేసినా ట్రక్కుల మీద అది నేటికీ ఉంది. దాంతో పికప్ ట్రక్కుల వ్యాపారంలో విదేశీ పోటీ చాలాకాలం పెద్దగా లేకపోయింది. 1975 నాటి ఇంధన పొదుపు చట్టం కింద కూడా కార్లకు ఒక ప్రమాణం, ట్రక్కులకు అంతకంటే తేలికైన మరో ప్రమాణం వచ్చాయి. ఎస్‌యూవీలను ట్రక్కుల ఖాతాలోనే వేశారు. ఒక్కో పెద్ద బండి మీద వేల డాలర్ల లాభం కళ్లజూస్తున్న కంపెనీ, చిన్న కారును మెరుగుపరచడానికి ఎందుకు చెమటోడ్చుతుంది? 1981లో రీగన్ ప్రభుత్వం జపాన్‌పై ఒత్తిడి తెచ్చి, ఏడాదికి 16.8 లక్షల కార్లకు మించి పంపకుండా ఒప్పించింది. జపాన్ కంపెనీలు ఆ పరిమితిలోనే ఖరీదైన కార్లు పంపడం మొదలుపెట్టాయి, అమెరికాలోనే సొంత ఫ్యాక్టరీలు కట్టుకున్నాయి. డెట్రాయిట్‌కు మాత్రం కొన్నేళ్ల వెసులుబాటు దొరికింది, దాన్ని వృథా చేసుకుంది. 2008 జులైలో ముడిచమురు బ్యారెల్ 147 డాలర్లు దాటేసరికి జనం పెద్ద బండ్ల వైపు చూడటం మానేశారు. అప్పుడు ఆ కంపెనీల చేతిలో చెప్పుకోదగ్గ చిన్న కారే లేకపోయింది.

నేర్చుకునే అవకాశం రాలేదా అంటే, వచ్చింది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ ఫ్యాక్టరీని జీఎం 1982లో మూసేసింది. అక్కడి కార్మికులు పనికి ఎగనామం పెడతారని, వచ్చినా మనసు పెట్టి చేయరని చెడ్డపేరు. 1984లో టయోటాతో కలిసి అదే ఫ్యాక్టరీని నమ్మీ పేరుతో మళ్లీ తెరిచారు. పనిలోకి తీసుకున్నవారిలో అత్యధికులు ఆ పాత యూనియన్ కార్మికులే. వారిని బృందాలుగా జపాన్ పంపి టయోటా పద్ధతి చూపించారు. అసెంబ్లీ లైను వెంట పైన ఒక తాడు ఉంటుంది. బోల్టు సరిగా బిగియలేదనో, తలుపు కుదురుగా అతకలేదనో అనుమానం వస్తే కార్మికుడు ఆ తాడు లాగుతాడు. వెంటనే దీపం వెలుగుతుంది, టీమ్ లీడర్ వస్తాడు, ఇద్దరూ కలిసి సరిచేస్తారు. అప్పటికీ కుదరకపోతే లైను ఆగుతుంది. పాత జీఎంలో లైను ఆపడమంటే మహాపరాధం. తప్పు కంటికి కనిపిస్తున్నా కారు ముందుకు కదలాల్సిందే, చివర్లో దాన్ని పక్కకు లాగి మరమ్మతు చేయాల్సిందే. టయోటా పద్ధతి వచ్చాక కొద్దికాలంలోనే ఫ్రీమాంట్ కార్లు జపాన్‌లో తయారైన వాటికి నాణ్యతలో దీటుగా నిలిచాయి. కార్మికులు వాళ్లే, యూనియన్ అదే, మారింది నడిపించే తీరు. ఆ తీరును మిగతా ఫ్యాక్టరీలన్నిటికీ చేర్చడంలో జీఎం ఏళ్ల తరబడి తాత్సారం చేసింది. జీతాల భారమే డెట్రాయిట్‌ను ముంచిందనే వారు ఫ్రీమాంట్‌కు ఏం సమాధానం చెబుతారు?

యూనియన్ తప్పే లేదని మేం అనడం లేదు. పని లేకుండా పోయిన కార్మికులకు దాదాపు పూర్తి జీతం చెల్లించే 'జాబ్స్ బ్యాంక్' ఏర్పాటును 2009 దాకా సాగదీయడం సమర్థించుకోలేని విషయం. ఉద్యోగులు, రిటైరైన వారి వైద్య ఖర్చే జీఎంకు ఒక్కో కారు మీద 1,500 డాలర్ల దాకా పడేదని అప్పట్లో అంచనా. అయితే ఆ ఒప్పందాల మీద సంతకాలు పెట్టింది యాజమాన్యాలే. ఇవాళ జీతం పెంచే బదులు రేపటి పింఛనుకు మాటివ్వడం వారికి సులువనిపించింది. జపాన్‌లో ప్రభుత్వ ఆరోగ్య బీమా మోసే ఖర్చును అమెరికాలో కంపెనీ నెత్తిన వదిలేసింది రాజకీయ నాయకత్వం. గంటకు 70 డాలర్లు తీసుకుంటున్న కార్మికులంటూ 2008లో టీవీ చర్చల్లో మోగిపోయిన అంకెలో రిటైరైన వారి ఖర్చు కూడా కలిపి ఉంది. లైనులో నిలబడి పనిచేసేవాడి మూల వేతనం సుమారు 28 డాలర్లు. 2007 ఒప్పందం తర్వాత కొత్తగా చేరినవారికి అందులో సగమే.

2008 నవంబరులో జీఎం అధినేత రిక్ వాగనర్, ఫోర్డ్ నుంచి అలన్ ములాలీ, క్రైస్లర్ నుంచి రాబర్ట్ నార్డెల్లి 2,500 కోట్ల డాలర్ల సాయం కోసం వాషింగ్టన్ వచ్చారు. మామూలు ప్రయాణికుల విమానంలో వచ్చినవారు చేయెత్తమని చట్టసభ సభ్యుడు ఒకరు అడిగితే ముగ్గురిలో ఒక్క చేయీ లేవలేదు. ముగ్గురూ కంపెనీ జెట్లలో వచ్చారు. డిసెంబరులో కార్లు నడుపుకుంటూ తిరిగొచ్చేసరికి మూడు కంపెనీలూ అడిగే మొత్తం 3,400 కోట్లకు పెరిగింది. ప్రతినిధుల సభ 1,400 కోట్ల బిల్లును 237-170 ఓట్లతో ఆమోదించింది. సెనెట్‌లో అది డిసెంబరు 11న ఆగిపోయింది. విదేశీ కంపెనీల ఫ్యాక్టరీలున్న దక్షిణాది రాష్ట్రాల సెనెటర్లు, డెట్రాయిట్ కార్మికుల వేతనాలను ఆ ఫ్యాక్టరీల స్థాయికి వెంటనే దించాలని పట్టుబట్టారు. చివరికి మార్కెట్‌కే ఓటేసే బుష్ ప్రభుత్వమే డిసెంబరు 19న బ్యాంకుల కోసం ఉద్దేశించిన నిధి నుంచి 1,740 కోట్ల డాలర్లు ఇచ్చింది.

దివాలా తీయనిచ్చి, కోర్టు పర్యవేక్షణలో పునర్వ్యవస్థీకరించాలని రిపబ్లికన్ నేత మిట్ రామ్నీ లాంటి వారు వాదించారు. ఆ వాదనలో పస లేకపోలేదు. తర్వాత జరిగింది కూడా దివాలాయే. 2009 ఏప్రిల్ 30న క్రైస్లర్, జూన్ 1న జీఎం కోర్టుకెక్కి, ఆరేడు వారాల్లోనే బయటపడ్డాయి. అయితే దివాలాలో ఉన్న కంపెనీ రోజూ నడవాలన్నా అప్పిచ్చేవాడు కావాలి. ఆ చలికాలంలో అంత అప్పు ఇవ్వగల ప్రైవేటు బ్యాంకు ఒక్కటీ లేదు. ప్రభుత్వం చేయి అడ్డుపెట్టకపోతే పునర్వ్యవస్థీకరణ కాదు, యంత్రాల వేలమే జరిగేది. మూడు కంపెనీలూ మూతపడితే తొలి ఏడాదే 30 లక్షల దాకా ఉద్యోగాలు పోతాయని సెంటర్ ఫర్ ఆటోమోటివ్ రీసెర్చ్ అంచనా వేసింది. 2006లోనే తన నీలి లోగోతో సహా ఆస్తులు తాకట్టుపెట్టి 2,360 కోట్ల డాలర్లు సమకూర్చుకున్న ఫోర్డ్, ఈ నిధి నుంచి సాయం తీసుకోకపోయినా ప్రత్యర్థులను ఆదుకోవాలనే కోరింది. విడిభాగాలు చేసే కంపెనీలు అందరికీ ఉమ్మడి. జీఎం పోతే అవి పోతాయి, అవి పోతే ఫోర్డ్ లైనూ ఆగుతుంది. ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్ వంటి డెట్రాయిట్ శివార్లలో ఆ కంపెనీల మీద ఆధారపడి బతికే తెలుగు ఇంజినీర్ల కుటుంబాలకు ఈ సంగతి బాగా తెలుసు. హెచ్1బీ మీద ఉన్నవారికి అప్పట్లో ఉద్యోగంతో పాటే వీసా హోదా కూడా పోయేది.

ఇక లెక్క సంగతి. వాహన రంగం మీద పెట్టిన సుమారు 8,000 కోట్ల డాలర్లలో 930 కోట్ల దాకా ఖజానాకు తిరిగి రాలేదు. జీఎంలో నష్టం ఇంకా ఎక్కువ, 1,120 కోట్లు; మిగతా చోట్ల వచ్చిన రాబడి అందులో కొంత పూడ్చింది. దివాలా తర్వాత 61 శాతం దాకా ఉన్న వాటాను ప్రభుత్వం తొందరపడి అమ్మేసి, 2013 డిసెంబరుకల్లా చేతులు దులుపుకుంది. 1980లో ఇదే క్రైస్లర్‌కు 150 కోట్ల డాలర్ల అప్పుకు పూచీ పడినప్పుడు ప్రభుత్వం వారంట్లు (ముందే ఖరారైన ధరకు వాటాలు కొనే హక్కు) రాయించుకుంది, కంపెనీ కోలుకోగానే 30 కోట్లకు పైగా ఖజానాకు వచ్చింది. అయినా అంతమంది బతుకులు నిలిచాయి కాబట్టి ఈ నష్టాన్ని మేం తప్పుపట్టం.

మేం తప్పుపట్టేది త్యాగాల పంపకాన్ని. ప్రభుత్వ సాయంతోనే నిలిచిన బీమా సంస్థ ఏఐజీ 2009 మార్చిలో తన సిబ్బందికి 16.5 కోట్ల డాలర్ల బోనస్‌లు పంచింది. ఆ సంస్థను నిలబెట్టడానికి కేటాయించిన ప్రజాధనం జీఎంకు ఇచ్చినదానికి మూడు రెట్లు పైనే. ఒప్పందం ఒప్పందమే, బోనస్ ఆపడం చట్టరీత్యా కుదరదన్నారు. అదే నెలల్లో ఆటో కార్మికుల ఒప్పందాలను తిరగరాశారు. ధరలతో పాటు పెరిగే భత్యం పోయింది. 2011లో జీఎం, క్రైస్లర్‌లలో సమ్మె హక్కే లేకుండా చర్చలకు కూర్చోవాల్సి వచ్చింది. క్రైస్లర్ ఒక్క దెబ్బకు 789 మంది డీలర్ల ఒప్పందాలు రద్దుచేసింది. వాగనర్‌ను ప్రభుత్వమే పంపించేసిన మాట నిజం. కానీ ఒక అధికారి పోవడం, ఒక తరం జీతం సగానికి పడిపోవడం సమానం కావు.

విడిభాగాలు చేసే, జీఎం పాత విభాగమైన డెల్ఫీలో జరిగింది ఇంకా బాధాకరం. అక్కడి గంటల వేతన కార్మికుల పింఛనుకు యూనియన్ ఒప్పందం వల్ల జీఎం పూచీ నిలిచింది. అదే కంపెనీలో యూనియన్ లేని నెలజీతం ఉద్యోగులు దాదాపు 20 వేల మంది పింఛను ప్రభుత్వ బీమా సంస్థ చేతికి వెళ్లింది, చాలామందికి పెద్ద కోత పడింది. సూపర్‌వైజర్‌కూ, అతని కింద పనిచేసినవాడికీ మధ్య ఇలాంటి గీత గీసిన బెయిలౌట్ న్యాయంగా జరిగిందని ఎలా అంటాం?

బతికి బయటపడ్డ జీఎం ఏం చేసిందో కూడా చూడాలి. కారు స్టార్ట్ చేసే ఇగ్నిషన్ స్విచ్ దానంతటదే జారిపోయి, ఇంజిన్ ఆగి, ఎయిర్‌బ్యాగులు తెరుచుకోక జనం చనిపోతున్నారని కంపెనీలో కొందరికి ఏళ్ల క్రితమే తెలుసు. 2014 దాకా కార్లను వెనక్కి పిలవలేదు. ఆ లోపం వల్ల 124 మంది మరణించారని కంపెనీ పెట్టిన పరిహార నిధే అంగీకరించింది. పాత ప్రమాదాల బాధ్యత పాత జీఎందే, దివాలా తర్వాత పుట్టిన కొత్త జీఎంకు సంబంధం లేదని కంపెనీ కోర్టుల్లో వాదించింది. ప్రజాధనంతో పుట్టిన కంపెనీ ఆ దివాలానే అడ్డుపెట్టుకుని బాధితులను తప్పించుకోజూడటం మమ్మల్ని అన్నిటికంటే కలచివేసింది.

2015 మార్చిలో జీఎం 500 కోట్ల డాలర్లతో సొంత వాటాలు కొనుగోలు చేసి (బైబ్యాక్) వాటాదారుల చేతికి డబ్బు చేరుస్తానని ప్రకటించింది. అందుకు ఒత్తిడి తెచ్చిన మదుపరుల తరఫున ముందు నిలిచిన హ్యారీ విల్సన్, బెయిలౌట్ నడిపిన ప్రభుత్వ బృందంలో ఒకప్పటి సభ్యుడు. 2019లో లార్డ్స్‌టౌన్ ఫ్యాక్టరీ మూతపడింది. 2009లో వదులుకున్న ధరల భత్యం తిరిగి పొందడానికి, పాతవారికి ఒకటి, కొత్తవారికి ఒకటిగా ఉన్న రెండంచెల వేతనాలు తొలగించుకోవడానికి కార్మికులకు 2023 శరదృతువులో ఆరు వారాల సమ్మె చేయాల్సి వచ్చింది. అడిగినంత ఇవ్వలేమని చెప్పిన జీఎం, ఒప్పందం ఖరారైన కొద్దిరోజులకే 1,000 కోట్ల డాలర్ల బైబ్యాక్ ప్రకటించింది. 14 ఏళ్ల పాటు కార్మికుల దగ్గర ఉండాల్సిన డబ్బు ఎటు పోయిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ప్రభుత్వం ఒక కంపెనీని ఒడ్డున పడేసినప్పుడు, కార్మికులు వదులుకున్నవి లాభాలు రాగానే తిరిగి ఇస్తామన్న హామీ ఆ పత్రంలోనే ఉండాలి. అది పూర్తయ్యేదాకా సొంత వాటాల కొనుగోలుకు అనుమతి ఉండకూడదు. భద్రతా లోపాల బాధ్యత దివాలాతో తుడిచిపెట్టుకుపోకూడదు. 2009లో మెజారిటీ వాటాదారుగా ప్రభుత్వం ఇవన్నీ రాయించగలిగేది. ఇప్పుడు సుంకం రూపంలో ఇస్తున్న మేలుకైతే ఒక్క షరతూ లేదు. ఫ్యాక్టరీ మూయకూడదని గానీ, చిన్న కారు చేయాలని గానీ ఎవరూ అడగలేదు. ట్రక్కుల మీద 60 ఏళ్లుగా ఉన్న సుంకం ఏం చేసిందో కళ్లెదుట ఉండగానే అదే గోడను కార్లకూ పొడిగించారు. ఆ ఖర్చును చివరికి మోసేది కారు కొనే మధ్యతరగతి అమెరికన్లే.

డెల్ఫీ ఉద్యోగుల పింఛన్లను పునరుద్ధరించే బిల్లును 2022 జులైలో ప్రతినిధుల సభ ఆమోదించింది. సెనెట్‌లో అది చట్టం కాకుండానే ఆ సభ కాలం ముగిసింది. పింఛను కోతతో బతుకీడుస్తున్న వారిలో చాలామందికి ఇప్పుడు 70 ఏళ్లు పైబడ్డాయి. కొత్త సుంకాల గురించి మాట్లాడే ముందు అమెరికా కాంగ్రెస్ ఆ బిల్లును ఉభయ సభల్లోనూ నెగ్గించి వారి బకాయి చెల్లించాలి.