చప్పట్లు సరే, బడి ఏది?

యూనిఫాం వద్దు, మామూలు దుస్తుల్లో రండి అని బడిలో చెబితే పదకొండేళ్ల మలాలా యూసఫ్‌జాయ్ తనకెంతో ఇష్టమైన గులాబీ రంగు దుస్తులు వేసుకెళ్లింది. తీరా వెళ్లాక, తాలిబన్లు అభ్యంతరపెడతారు కనుక రంగురంగుల బట్టలు కూడా వద్దని ఉదయం సమావేశంలో హెచ్చరించారు. పాకిస్థాన్‌లోని స్వాత్ లోయలో బాలికల బడులు మూసేయాలంటూ తాలిబన్లు విధించిన 2009 జనవరి 15 గడువు ముంచుకొస్తున్న రోజుల్లో, ‘గుల్ మకై’ అనే మారుపేరుతో ఆమె బీబీసీ ఉర్దూకు రాసిన డైరీలోని ముచ్చట ఇది. బడి మళ్లీ తెరుస్తారో లేదో అన్న పసిపిల్ల బెంగే తప్ప అందులో ఉపన్యాసాలేమీ లేవు. 2012 అక్టోబరు 9న బడి వాహనాన్ని ఆపి ఆమెపై తుపాకి పేల్చినవారికి గిట్టనిది ఆ మాత్రం మాటే.

ఆనాడు పక్కనున్న మరో ఇద్దరు బాలికలకూ తూటాలు తగిలాయి. 2014లో పదిహేడేళ్ల వయసులోనే నోబెల్ శాంతి బహుమతి అందుకున్న మలాలాను ఎంత మెచ్చుకున్నా తక్కువే. కానీ ఒక్క ముఖానికి పటం కట్టి గోడకు తగిలించి, మిగిలిన వారిని ప్రపంచం మరచిపోతోందని మా అభిప్రాయం.

అఫ్గానిస్థాన్‌నే చూడండి. 2022 మార్చి 23న ఉన్నత పాఠశాలలు తెరుస్తున్నామని తాలిబన్ ప్రభుత్వం ప్రకటించగా, ఆరో తరగతి దాటిన బాలికలు పుస్తకాల సంచులతో తరగతి గదుల్లోకి వచ్చి కూర్చున్నారు. కొద్ది గంటల్లోనే వారిని ఏడుస్తుండగా ఇళ్లకు పంపేశారు. అదే ఏడాది డిసెంబరులో యువతులకు విశ్వవిద్యాలయాల తలుపులూ మూసుకున్నప్పుడు, కొన్నిచోట్ల మగ విద్యార్థులు పరీక్ష హాళ్ల నుంచి లేచి బయటికి వచ్చేశారు. తమ చదువుకు ఏ అడ్డూ లేనివారు తోటివారి కోసం దాన్ని పణంగా పెట్టడం చిన్న సంగతి కాదు. మోటారు సైకిల్‌పై పుస్తకాలు వేసుకుని మారుమూల పల్లెలకు తిరుగుతూ, ఆడపిల్లలను చదివించమని గ్రామ పెద్దలను ఒప్పించిన మతీయుల్లా వేసా అనే యువకుణ్ని 2023 మార్చిలో నిర్బంధించి దాదాపు ఏడు నెలల తర్వాత గానీ వదల్లేదు. ఇళ్లలో గుట్టుగా నడిచే తరగతుల్లో చదివేవారు, చదువు చెప్పేవారు పేరు బయటపడితే ప్రమాదం కనుక ప్రశంసకు సైతం నోచుకోరు.

ఇంతమంది యువతీ యువకులు ఇంత మూల్యం చెల్లిస్తుంటే, పెద్దరికం వెలగబెట్టే దేశాలు చేస్తున్నదేమిటి? 2024 డిసెంబరులో నర్సు, మంత్రసాని శిక్షణను కూడా మహిళలకు నిషేధించినప్పుడు ఖండన ప్రకటనలు వెలువడ్డాయి. మరో ఏడు నెలలు తిరిగేసరికి, 2025 జూలైలో, రష్యా ఆ ప్రభుత్వాన్ని అధికారికంగా గుర్తించింది. దౌత్యానికి దాని అవసరాలు దానికి ఉంటాయి, కాదనం. అయితే వాణిజ్యం, భద్రత, సరిహద్దులపై బేరసారాలు సాగే ప్రతి బల్లపైనా బాలికల ఉన్నత పాఠశాలల ప్రస్తావన ఆఖరి పేరాలో మొక్కుబడి వాక్యంగా కాక, మొదటి షరతుగా ఉండాలని మేము కోరుతున్నాం. 2022 మార్చిలో ఆ ఉదయం ఏడో తరగతికని వచ్చిన బాలిక, చదువు సాగి ఉంటే, 2027లో పన్నెండో తరగతిలో కూర్చునేది.