వీవీప్యాట్ చీటీ గారికి ఒక చత్వారపు ఓటరు విన్నపం

మహారాజశ్రీ వీవీప్యాట్ చీటీ గారి దివ్యసముఖమునకు,

2024 మే 13, సోమవారం నాడు విశాఖపట్నంలో, మా వీధి చివరి బడిలో తమ దర్శనం కోసం గంటంబావు వరుసలో నిలబడిన ఓటరును నేను. తమకు గుర్తుండే అవకాశం లేదు. ఓటు ఏ గుర్తుకు పడిందో ఓటరుకు చూపడానికి యంత్రం అచ్చు వేసే కాగితపు ముక్క తమరు; అద్దం వెనక వెలుతురులో ఉండేదే ఏడు సెకన్లు. అందులోనూ అద్దానికి ఇవతల నా ముఖం చెమటతో మసకబారి ఉంటుంది.

అంతకు మూడు రోజుల ముందు, అక్షయ తృతీయ నాడు, మా అమ్మను వెంటబెట్టుకుని సింహాచలం వెళ్ళాను. ఏడాది పొడుగునా చందనం మాటున ఉండే అప్పన్న ఆ ఒక్క రోజే నిజరూపంలో కనిపిస్తాడు. తెల్లవారుజాము నుంచి వరుసలో నిలబడి, తీరా స్వామి ఎదుటికి చేరాక అలవాటుకొద్దీ కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాను. తెరిచేసరికి బయటి మెట్ల మీద ఉన్నాను. సోమవారం ఆ పొరపాటు జరగనివ్వకూడదని గట్టిగా అనుకునే బూతుకు బయలుదేరానని మనవి.

మా రాష్ట్రంలో లోక్‌సభకూ శాసనసభకూ ఒకే రోజు పోలింగు కాబట్టి ఒక్కొక్కరికి రెండు దర్శనాలు, వెరసి 14 సెకన్లు. పేరు చదవడం, సంతకం, సిరా చుక్క చకచకా అయిపోయాయి. మొదటి మీట నొక్కి, పక్కన వెలిగిన ఎర్ర దీపాన్నే మురిపెంగా చూస్తూ నిలబడిపోయాను. చూడవలసింది తమరిని కదా అని స్ఫురించి, చత్వారపు కళ్ళద్దాల కోసం జేబు తడుముకునేలోగా తమరు తెగి పెట్టెలో పడిపోయారు, యంత్రం కూత కూసేసింది. రెండో దానికి అద్దాలు ముందే పెట్టుకున్నాను. కానీ మే నెల విశాఖ ఉక్కపోత సంగతి తమకు తెలియనిది కాదు. అద్దంలో ఏదో గుర్తు కనబడింది. అది గుర్తో, నా కళ్ళద్దాల మీది చెమట బొట్టో తేల్చుకునేసరికి గడువు తీరింది.

2013లో నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉప ఎన్నికలో తొలిసారి అవతరించి, 2019 సార్వత్రిక ఎన్నికల నాటికి దేశంలోని ప్రతి బూతుకూ విస్తరించిన తమరి కోసం పెద్దలు సుప్రీంకోర్టు మెట్లెక్కారు. సగం చీటీలైనా లెక్కించాలని 2019లో అప్పటి మన ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు సహా 21 పార్టీల నాయకులు అడిగితే, న్యాయస్థానం శాసనసభ నియోజకవర్గానికి ఒక్క బూతు అన్నదాన్ని ఐదు చేసింది. మొత్తం చీటీలు లెక్కించాలన్న పిటిషన్లను 2024 ఏప్రిల్ 26న, మా పోలింగుకు సరిగ్గా 17 రోజుల ముందు, కొట్టివేసింది. ఆ ఐదు బూతులనూ లాటరీ తీసి ఎంచుతారు. అంటే నా చీటీని ఏడు సెకన్లలో నేను చూడలేకపోయాను; ఆపైన ఇంకెవరైనా చూడాలంటే మా బడి పేరుకు లాటరీ తగలాలి.

వేసినది ఒకరికి, చీటీలో కనబడింది ఇంకొకరి గుర్తు అన్నవారికి 49ఎంఏ అనే నియమం ఉంది. రాతపూర్వకంగా ప్రకటన ఇస్తే ఏజెంట్ల ఎదుటే పరీక్ష ఓటు వేయిస్తారు. ఆ మాట అబద్ధమని తేలితే ఆరు నెలల దాకా జైలో, జరిమానానో తప్పకపోవచ్చు. తప్పుగా చూసినవాడికి ఇంత మర్యాద ఉంది గానీ, అసలు చూడనేలేనివాడికి ఏ నియమమూ లేదు. (ఆ మాట అడుగుదామని అధికారి వైపు తిరిగాను కూడా. వెనక నిలబడిన పెద్దమనిషి చూపు చూసి ఊరుకున్నాను.)

గడువు పెంచమని అడిగే సాహసం చేయను. వరుసలో వెనక ఉన్నవాళ్ళ శాపనార్థాలు నేను భరించలేను. గది గుమ్మం దగ్గర, ఫోను లోపలికి తేవద్దని అతికించిన కాగితం పక్కనే, కళ్ళద్దాలు తుడుచుకుని రమ్మని ఇంకొక కాగితం అతికించేలా తమరు పైవారికి సిఫార్సు చేస్తే చాలు. గోడ మీద చోటుంది, నేను చూశాను.

అమ్మ నాకన్నా ముందే ఓటేసి వచ్చి చెట్టు నీడన కూర్చుంది. శుక్లాల ఆపరేషను అయ్యాక ఆవిడ చూపు నాకన్నా నయం.

"కనబడిందా నాయనా?" అని అడిగింది.

"బాగా కనబడిందమ్మా" అన్నాను. శుక్రవారం కొండ మీద అడిగినప్పుడూ ఇదే చెప్పాను.

ఇట్లు,
తమ దర్శనాభిలాషి